రూతమ్మ గదిలోని పెట్టెలు

1972. రంగూనులో అహ్లోన్ వార్డు క్లినిక్‌లో నేను హెల్త్ విజిటర్‌ని. మందులు తీసుకెళ్లిన రోగికి నయం కాకపోతే, ఎందుకు కాలేదో ఇంటికి వెళ్లి చూసి రావడం నా పని. బియ్యం మిల్లుల తవుడు వాసన పీలుస్తూ, నది అవతలి దలాకు వెళ్లే లాంచీ కూత వింటూ, సంచీ భుజాన వేసుకుని నడిచిన ఆ ఉదయాలంటే నాకు ఈనాటికీ బెంగ.

రూతమ్మ మా చర్చి మనిషే. యాభై దాటిన ఒంటరి ఆడది, మిల్లులో గోనెలు కుట్టేది. స్టెతస్కోప్ పెడితే వీజ్, అంటే పిల్లికూతలు, రెండు వైపులా వినిపించేవి. మాత్రలతో తగ్గడం లేదు. గదిలోకి అడుగుపెట్టగానే కారణం తెలిసింది. రేకు పెట్టెలు, మూటలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఉన్న ఒక్క కిటికీ వాటి వెనక ఉంది. ఎనిమిదేళ్ల కిందట పనులు పోయి ఇండియాకు ఓడెక్కిన మన తెలుగువాళ్లు, సర్కారు వెంట తీసుకెళ్లనివ్వని సామానంతా ఆమెకు అప్పగించి వెళ్లారు.

"కిటికీ తెరవాలి పిన్నీ. ఈ దుమ్ములో ఏ మందూ పనిచేయదు" అన్నాను.

"నమ్మి ఒప్పజెప్పినారు సయామా. రేపొచ్చి అడిగితే ఏటని సెప్పను?" అంది. అక్కడ నర్సుల్ని సయామా అనే పిలిచేవారు.

మర్నాడు ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లాను, అన్నీ బయట వేయిద్దామని. రూతమ్మ ఒక పెట్టె మీద కూర్చుని కదల్లేదు. ఆయాసం ఎక్కువైంది. వాళ్లను వెనక్కి పంపేశాను.

వారం తిరక్కుండా ఆమే కబురు పెట్టింది. లెంట్, అంటే ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసకాలం, అప్పుడే మొదలైంది.

"మందులేసుకుంతన్నాను, ఉపాసం ఉండనేను. ఈ పెట్టెలు కాలీ సేయడమే ఉపాసం అనుకుంతాను. కానీ ప్రార్తన సేయకుండా ఒక్క మూటా ఇప్పను."

వారానికి రెండు రోజులు, రోజుకు కొన్ని. నేను ఆమె ముక్కుకు తడిగుడ్డ కట్టి, దుమ్ము లేవకుండా తడిబట్టతోనే తుడిచేదాన్ని. ఆమె మూత మీద చెయ్యి వేసి, అది ఎవరిదో పేరు చెప్పి, ఎక్కడున్నా వాళ్లను చల్లగా చూడమని దేవుణ్ణి అడిగి, అప్పుడు తెరిచేది. బట్టలు చర్చికి, గిన్నెలు ఇరుగుపొరుగుకి. వీళ్లు బజ్జీలు వేసేవాళ్లు, వాళ్లు పండగ పాటలు కట్టేవాళ్లు అని ఆమె చెబుతుంటే ఖాళీ అయిపోయిన మా వీధి మళ్లీ నిండినట్టుండేది.

చివరికి కిటికీ కింది పెట్టె ఒక్కటి మిగిలింది. అది ఆమె చెల్లెలు సుశీలది.

"దీని పేరు నా నోటికి రాదు. నాకు సెప్పకుండా అమ్మని ఓడెక్కించేసినాది. ఏడాది తిరక్కుండా అమ్మ అక్కడే పోనాది."

కోపం మనసులో ఉంచుకుని ప్రభు భోజనం, అంటే చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, తీసుకోకూడదని ఎనిమిదేళ్లుగా ఆమె దానికి ముందే లేచి వెళ్లిపోతోందట. ఆయాసం వల్లనేమో అనుకునేదాన్ని.

మట్టలాదివారానికి, అంటే ఈస్టర్ ముందటి ఆదివారానికి, రెండు రోజుల ముందు శుక్రవారం ఆ పెట్టె మీద చెయ్యి వేసి చాలాసేపు కళ్లు మూసుకుంది. నాకు ఇంకా చూడాల్సిన ఇళ్లున్నాయి, అయినా నేను పక్కనుంచి కదల్లేదు. "సుశీల" అంది చివరికి, చాలా మెల్లగా. తెరిస్తే పాత లుంగీలు, ఒక కొబ్బరి కోరే పీట. అంతే.

"దానికి ఉత్తరం రాసిపెట్టు సయామా."

"క్షమించానని రాయనా?"

"కాదు. నన్ను చమించమని రాయి. అమ్మే ఎల్తానన్నాది. ఆ మాట నాకూ సెప్పినాది. కోపమొచ్చి నాను జెట్టీకి ఎల్లనేదు, ఆకరి సూపు సూడనేదు. ఆ తప్పంతా దాని మీద ఏసినాను."

ఉత్తరం ముగించాక ఇద్దరం కలిసి పెట్టెను పక్కకి లాగి కిటికీ తెరిచాం. ఈస్టర్ ముందు గురువారం ఆరాధనలో రూతమ్మ చివరిదాకా ఉండి ప్రభు భోజనం తీసుకుంది. పిల్లికూతలు పూర్తిగా పోలేదు గానీ రాత్రిళ్లు పడుకోగలిగేది. వానాకాలంలో సుశీల దగ్గర్నుంచి జవాబు వచ్చింది. అందులో ఏముందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ ఇంటికి మొదట నేను దుమ్ము దులపడానికి వెళ్లాను. మనిషి దేన్ని పట్టుకుని వదలడం లేదో తెలియకుండా చేతిలోది లాక్కుంటే ఇంకా గట్టిగా పట్టుకుంటారని అక్కడే తెలిసింది. తర్వాత నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయిలకు, రోగి తనంతట తాను నోరు విప్పేదాకా పక్కన ఊరికే కూర్చోమని చెప్పేదాన్ని. దేవుణ్ణి నమ్మేవాళ్లయితే, ఆ కాసేపూ మనసులో ప్రార్థన చేసుకోమనేదాన్ని.