గోడకు అటు దోమలు, ఇటు దోమలు

నా చిన్నప్పుడు మా గల్లీలోకి జీపు వస్తే అది ఏ పని మీద వచ్చిందని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ముందు దాని వెనక పరిగెత్తేవాళ్లం, పనేమిటో తర్వాత తీరిగ్గా తెలిసేది. బోధన్‌లో చెరుకు బండ్లను చూసి చూసి విసిగిన కళ్లకు జీపంటే ఊరేగింపే. ఆ ఏడు బతుకమ్మ పండుగకు ముందు వచ్చిన జీపయితే ఉత్త చేతులతో రాలేదు. అందులోంచి ఇనుప డబ్బాలు, పొడవాటి పిచికారీలు, ఖాకీ నిక్కర్ల మనుషులు దిగారు. డబ్బాల మీద రెండు చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్న బొమ్మ ఉంది, దాని కింద గల్లీలో ఎవరికీ చదవరాని అక్షరాలు ఉన్నాయి. దోమల్ని చంపే మందట. అమెరికా సర్కారు మన సర్కారుకు ఊరికే పంపిందట. ఊరికే ఎవరూ ఏమీ ఇవ్వరని మా గల్లీకి గట్టి నమ్మకం కనుక ఆ బొమ్మ మీద చాలాసేపు చర్చ నడిచింది. ఆ చేతులు కలిసింది కుస్తీ పట్టడానికేనని చివరికి ఒక పెద్దాయన తేల్చేశాడు.

ఆ మందు మా ఇంట్లో ఎవరికి కావాలో అందరికీ తెలుసు. మా బాపు, అంటే మా నాన్న, చెరుకు నరికే ముఠాలో కూలీ. ఏడాది తిండి ఆ ఒక్క సీజన్‌లోనే సంపాదించుకోవాలి. ఆయనకేమో చలిజ్వరం. రోజు విడిచి రోజు, సరిగ్గా వేళకు, మా బంధువుల్లో ఎవరికీ లేని క్రమశిక్షణతో వచ్చేది. కిందటేడు దవాఖానా మాత్రలు మింగితే తగ్గినట్టే తగ్గి, సీజన్ మొదలవగానే మళ్లీ వచ్చి ఆయన్ని చెరుకు తోటలోనే పడగొట్టింది. ముఠా పెద్ద బండెక్కించి ఇంటికి పంపాడు. మొన్న ఇంటికొచ్చి, ఈసారి కూడా వణికితే ఆయన కత్తి ఇంకొకరికి ఇస్తానని, కోపంతో కాదు, ఉన్నమాటగానే చెప్పి వెళ్లాడు. సీజన్ ఇంకెంతో దూరంలో లేదు.

అందుకని మందు కొట్టేవాళ్లు మా గడప తొక్కినప్పుడు మా సంబరం ఇంతా అంతా కాదు. గిన్నెలు, పరుపులు, బియ్యం కుండ అన్నీ వాకిట్లో చేరాయి. మా ఇంట్లో అన్ని సామాన్లు ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. అన్నీ కలిపి చూస్తే అంత తక్కువేనా అని కూడా అనిపించింది. లోపల పిచికారీ బుస్సుబుస్సుమంటుంటే నేనూ తమ్ముడూ కిటికీ దగ్గర తోసుకున్నాం. సాయంత్రానికి మంచం నవారులోంచి నల్లులు బయటికొచ్చి, నడవలేక నడుస్తూ, కింద పడి చచ్చాయి. అమ్మ వాటిని చీపురుతో ఊడ్చి, దేవుడికి దండం పెట్టి, ఆ తర్వాత అమెరికాకు కూడా పెట్టింది. ఏ దిక్కుకు పెట్టాలో తెలియక జీపు వెళ్లిన దిక్కుకు పెట్టింది.

తెల్లారి లేచి చూస్తే మా గోడలు కొంగలు రాత్రంతా వాలిన చెట్టులా ఉన్నాయి. ఎక్కడ చూసినా తెల్లటి చారలు, మరకలు. పండుగకు మోస్రా నుంచి మా మేనత్త వస్తోంది. ఆమె కంటికి ముందు గోడలే ఆనుతాయి, మనుషులు తర్వాత. అమ్మ సుద్దమట్టి నానబెట్టి, ఇల్లంతా అలికి, గోడలన్నీ పైనుంచి కిందిదాకా పూసేసింది. గల్లీలో ప్రతి ఇల్లాలూ అదే పని చేసింది. బతుకమ్మ ముందు అలుకుపూతలు లేని ఇల్లు ఇల్లే కాదు కదా. ఓడలెక్కి, రైలెక్కి, జీపెక్కి, రెండు సర్కార్ల సంతకాలు దాటి వచ్చిన మందును మా అమ్మ ఒక్క బొక్కెన సుద్దతో పొద్దున్నే ఓడించింది.

ఒక్క పక్కింటి ఖాలా మాత్రం పూయలేదు. ఖాలా అంటే ఉర్దూలో అమ్మ తోబుట్టువు. అమ్మ ఆమెను అక్కా అనేది, నేను ఖాలా అనేదాన్ని. ఆమె బీడీలు చుట్టేది. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఉన్నది ఒకటే మట్టిగోడ. పై కప్పు దగ్గర సందు ఉండేది కాబట్టి ఒక ఇంట్లో దగ్గితే రెండో ఇంట్లో మంచినీళ్లు ముంచేవాళ్లు. ఖాలా ఇంటి పండుగ ఇంకా చాలా దూరం. అందుకే ఆ గోడకు ఆమె వైపు మందు మరకలు అలాగే ఉండిపోయాయి. మా వైపు గోడ పెళ్లికూతురిలా మెరుస్తోంది.

ఆ మర్నాడు మందు కొట్టేవాళ్ల మేస్త్రి జ్వరాలున్న ఇళ్లు చూడడానికి వచ్చాడు. మీసాలు సరిగ్గా రాని కుర్రవాడే, కానీ గొంతు పెద్దది. గొంగడి కప్పుకుని వణుకుతున్న బాపు వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తం చుక్క తీసుకుని, చేదు మాత్రలు చేతిలో పెట్టాడు. అప్పుడు తలెత్తి గోడ చూశాడు.

“గిదేంది? మందు మీద సుద్ద పూస్తరా ఎవరన్న?”

“పండుగకు పూయకపోతె ఎప్పుడు పూస్తరు?” అంది అమ్మ.

“సముద్రాలు దాటి వచ్చిన మందు తల్లీ. గా దేశపోళ్లు పంపిండ్రు, మనోళ్లు మోసిండ్రు, నేను ఎండల నిలబడి కొట్టిన. అంత మట్టిపాలు జేసినవ్.”

“మట్టిపాలు గాదు, సుద్దపాలు” అన్నాడు బాపు గొంగడిలోంచి. పళ్లు టకటకలాడుతున్నా ఆయన తప్పులు దిద్దడం మానడు.

మేస్త్రి ఆయన మీదికి తిరిగాడు. “నవ్వులాట గాదే అన్నా. మాత్ర ఇప్పుడున్న జరాన్ని తీస్తది. దోమ మళ్ల కుడితె మళ్ల వస్తది. దోమ నిన్ను కుట్టి, పోయి గోడ మీద కూసుంటది. గాడ మందు తగిలి సావాలె. మందే లేకపోతె మీ సీజన్ నాటికి నువ్వు మళ్ల గిదే మంచం మీద ఉంటవ్.”

ఆ మాటతో అమ్మ ముఖం మారింది. కానీ వెంటనే ఒప్పుకుంటే ఆమె మా అమ్మ ఎందుకవుతుంది? ఆమెకూ ఒక లెక్క ఉంది. మనిషి మింగిన మందు కడుపులోనే ఉంటుంది కదా, పైన చొక్కా వేసుకుంటే పోతుందా? గోడ తాగిన మందు గోడలోనే ఉంటుంది, పైన సుద్ద వేస్తే ఎక్కడికి పోతుంది? నాక్కూడా అమ్మ మాటే సరిగ్గా ఉన్నట్టు తోచింది. ఇప్పటికీ అప్పుడప్పుడు తోస్తుంది.

అప్పుడు గోడ మాట్లాడింది.

“అరె మేస్త్రీ బాబూ, జర ఆగు. లొల్లి ఎందుకు? దోమనే అడుగుదం.”

మేస్త్రి ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. పరాయి మగవాళ్ల ముందుకు రాని ఖాలా పై సందులోంచి మాట్లాడుతోందని మేము చెప్పాకే అతను ఊపిరి పీల్చుకున్నాడు. ఖాలా ఆలోచన చాలా సులువైనది. గోడ ఒకటే. ఆమె వైపు ఉత్త మందు, మా వైపు మందు మీద సుద్ద. అటు కొన్ని దోమలు, ఇటు కొన్ని దోమలు గ్లాసుల్లో పెట్టి గోడకు బోర్లిస్తే, ఎవరి మాట నిజమో దోమలే చెప్తాయి.

“గిసొంటి పరీక్ష మా కాయితాలల్ల లేదు” అని మేస్త్రి నసిగాడు.

“కాయితాలల్ల నా గోడ ఉన్నదా?” అంది అమ్మ. పందెం ఖాయమైంది.

దోమలు పట్టే పని నాకూ తమ్ముడికీ పడింది. వెనక బర్రెల కొట్టంలో చీకటి మూలన అవి తిన్నది అరక్క గోడకు ఆనుకుని ఉండేవి. ఖాలా ఇచ్చిన చాయ్ గ్లాసులు వాటి మీద బోర్లించి, కింద అట్టముక్క జరిపి పట్టాం. అంతవరకు మమ్మల్ని కుట్టే దోమల్ని చంపడమే తప్ప ప్రాణాలతో ఇంత గౌరవంగా మోసుకెళ్లడం నాకు అదే మొదలు. గ్లాసుల్ని గోడకు అంటించడానికి ఖాలా గోధుమపిండి ముద్ద కలిపి పంపింది. రేషన్ దుకాణంలో ఇచ్చిన ఎర్ర గోధుమలవి. అవి కూడా అమెరికా నుంచే వచ్చాయని మేస్త్రి గొప్పగా చెప్పాడు.

“మందు వాళ్లదే, పిండి వాళ్లదే” అన్నాడు బాపు. “దోమ ఒక్కటి మనది. చూద్దం, మన ఇజ్జత్ నిలబెడ్తదో లేదో.”

అంతలో కబురు గల్లీ అంతా పాకింది. ఆడవాళ్లు, పిల్లలు ఖాలా ఇంట్లోకి దూరారు. మగవాళ్లు మా ఇంట్లో, బాపు మంచం చుట్టూ చేరారు. ఎవరో వేయించిన పల్లికాయలు తెచ్చారు. నేను ఇటు గ్లాసు చూసి, వాకిట్లోంచి పరిగెత్తి అటు గ్లాసు చూసి, మళ్లీ పరిగెత్తుకొచ్చేదాన్ని. చూడ్డానికి ఏముందని అడిగితే, నిజానికి చాలాసేపు ఏమీ లేదు. దోమలు గోడ మీద కూర్చుని ఉన్నాయి, జనం వాటిని చూస్తూ కూర్చున్నారు. దోమలకు ఎలా అనిపించిందో కానీ, అంతమంది నోళ్లు మూసుకుని ఒక గోడను చూడడం మా గల్లీలో ఎన్నడూ జరగలేదు.

మొదటి కేక అటువైపు నుంచి వచ్చింది. “ఒకటి పడ్డది.”

మా వైపు జనం గ్లాసు మీదికి ఒరిగారు. మావి పడలేదు. అత్తగారింటికి వచ్చిన కొత్త అల్లుళ్లలా కాళ్లు చాపుకుని దర్జాగా కూర్చున్నాయి. అటు ఇంకొకటి పడింది. ఇంకొకటి వెల్లకిలా తిరిగి కాళ్లు కొట్టుకుంటోందని పై సందులోంచి ఖాలా చెప్తూనే ఉంది. ఆమె చేతిలో బీడీ చుట్టడం మాత్రం ఆగలేదు. “చెల్లె, మీ దిక్కు ఎట్లున్నది?” అని అడిగింది. అమ్మ గ్లాసును అరచేత్తో తట్టింది. దోమలు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ మా మెరిసే గోడ మీదే కూర్చున్నాయి.

మా వైపు దోమలు గెలిచాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అందరూ అమ్మ ముఖం చూశారు. మేస్త్రి ఉపన్యాసానికి గొంతు సవరించుకోవడం నాకు వినపడింది. ఖాలాకూ వినపడిందేమో, అతనికి సందు ఇవ్వలేదు. “గోడ ఎంత మంచిగ పూసినవ్ చెల్లె, దోమ గూడ లేవబుద్ధి గాక కూసున్నది” అంది. ముందు అటువైపు ఆడవాళ్లు నవ్వారు, తర్వాత మావాళ్లు. చివరికి అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఓడిపోయిన మనిషి నవ్వడానికి చోటు ఇవ్వడం ఎంత పెద్ద పనో నాకు అప్పుడు తెలియదు.

నవ్వు ఆగాక అమ్మ నేరుగా మేస్త్రిని అడిగింది. “మళ్ల కొడ్తవా?”

రేపు పొద్దున్నే తాము వర్ని ఊరి దిక్కు పోవాలని, కొట్టిన ఇంటికి మళ్లీ కొడితే జీపులో వచ్చే పెద్ద సారు ఊరుకోడని అన్నాడతను. మంచం మీద గొంగడి కదిలింది కానీ బాపు ఈసారి ఏ మాటా విసరలేదు. ఆయన జోకు వేయకపోతే ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆ క్షణం నాకు తెలిసింది.

“ఒక్క మాట చెప్పు బిడ్డా” అంది అమ్మ. “మీరు పండుగ ముందర వచ్చిండ్రు. ఏ ఇంట్లనన్న అలుకుడు ఎప్పుడని అడిగిండ్రా? ముందుగాల్ల చెప్తే మేమే పూసి, ఆరబెట్టి, మిమ్ముల పిలుస్తుంటిమి. మీ మందు మీదికి మా సుద్ద రాకుండ, మా సుద్ద మీదికి మీ మందు వస్తుండె.”

అంతే. సుద్ద ముందు, మందు తర్వాత. అన్ని దేశాలు దాటి వచ్చిన వ్యవహారంలో తప్పిపోయింది ఆ ఒక్క వరసే. మేస్త్రి చిన్నగా నవ్వి, “మాది మోర్తాడ్ దిక్కు. మొన్న మా ఇంట్ల గూడ కొట్టి వచ్చిన” అన్నాడు.

“మీ అమ్మ పూయలేదా?” అడిగింది ఖాలా గోడ అవతలి నుంచి.

“నేను గల్లీ దాటకముందే పూసి ఉంటది.”

ఆ మధ్యాహ్నం మా గల్లీలో పూసిన గోడలన్నిటికీ మళ్లీ మందు పడింది. సారుకు ఏం చెప్పుకున్నాడో మేము అడగలేదు. మేనత్త వచ్చింది, గోడలు చూసింది, ముక్కు మీద వేలేసుకుంది. అమ్మ కొత్తచీర చూపించినంత గర్వంగా ఆ మరకల్ని చూపించి, ఏ మరక దగ్గర దోమ ఎలా పడుతుందో వివరించింది. వంకలు వెతకడానికి వచ్చిన మేనత్త, పోయేటప్పుడు తమ ఊరికి మందువాళ్లు ఎప్పుడొస్తారో కనుక్కుని వెళ్లింది.

సీజన్ మొదలయ్యే పొద్దున బాపు అందరికంటే ముందు లేచాడు. చలిజ్వరం ఆయన్ని పలకరించి అప్పటికి చాలా రోజులైంది. మాత్రలే నయం చేశాయని ఆయన అనేవాడు, గోడే అని అమ్మ అనేది. ఇద్దరిదీ నిజమే కాబట్టి ఆ గొడవ మాత్రం ఎన్నటికీ నయం కాలేదు. కత్తి భుజాన వేసుకుని, తలకు రుమాలు చుట్టుకుని, చెరుకు బండ్ల వరుస పక్కనుంచి ఆయన నడిచిపోతుంటే నేనూ తమ్ముడూ గల్లీ చివరిదాకా పరిగెత్తాం. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. వణకని చెయ్యి ఒకటి పైకెత్తి ఊపాడు.

మరుసటి ఏడాది మందువాళ్లు వచ్చే ముందు మా గల్లీలో డప్పు చాటింపు వేయించారు. ఫలానా నాటికి పూతలు పూసుకోండి, తర్వాత మేము వస్తాం అని. అది ఎవరి తెలివి అని ఎవరూ చెప్పుకోలేదు, మా అమ్మ తప్ప.

ఆ తర్వాత నేను పంతులమ్మనయ్యాను. పిల్లల కోసం, తల్లుల కోసం సర్కారు పంపిన ఎన్నో మంచి వస్తువులు పట్టుకుని ఎన్నో గడపల ముందు నిలబడ్డాను. ఎంత మేలైనది చేతిలో ఉన్నా, అది ఎంత దూరం నుంచి వచ్చిందో నేను ముందు చెప్పను. మీ ఇంట్లో ఇవాళ ఏం పని పెట్టుకున్నారమ్మా అని అడుగుతాను. సగం ఇళ్లలో కూర్చోబెట్టి చాయ్ పోస్తారు. మిగతా సగంలో, నేను రావలసింది ఇవాళ కాదని చెప్తారు. రెండూ నాకు లాభమే.