గడువు దాటిన పచ్చ ప్యాకెట్

ప్రతి సెమిస్టర్ మా డిపార్ట్‌మెంట్ ఆఫీసు తలుపుకి ఒక కాగితం అంటిస్తాను. ఎడమవైపు పీజీ సెమినార్ విద్యార్థుల పేర్లు, కుడివైపు వాళ్లు ఎంచుకున్న పరిశోధనాంశం. పందొమ్మిదేళ్లుగా ఇదే పని. ఆ అక్టోబరులో పదకొండు గడుల్లో పది నిండాయి. మిగిలింది లియెన్ ము-షెంగ్ గడి. ఖాళీ అనడానికీ లేదు. మూడుసార్లు రాసి మూడుసార్లు చెరపడంతో అక్కడ కాగితం పలచబడి, వెనకున్న తలుపు రంగు కనిపిస్తోంది.

లియెన్‌కి నలభై ఏడేళ్లు. గాంగ్‌షాన్‌లో స్క్రూలు చేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. వారమంతా అక్కడ, శనివారం ఇక్కడ మా కావోషుంగ్ యూనివర్సిటీలో ఉద్యోగస్తుల క్లాసు. మా దగ్గర ముందు చేరినవాళ్లే పెద్దవాళ్లు, వయసుతో పని లేదు. అందుకని అతను పీహెచ్‌డీ చేస్తున్న ఇరవై ఆరేళ్ల బో-షూన్‌ని "అన్నా" అనాలి. తండ్రి ఈడు మనిషి అలా పిలుస్తుంటే బో-షూన్‌కి సిగ్గు. వాడూ తిరిగి "అన్నా" అనేవాడు. "ముందు మీరెక్కండన్నా", "అయ్యో, మీరే అన్నా" అని వీళ్లు మర్యాదలు చేసుకుంటుంటే లిఫ్టు తలుపులు మూసుకుని తన దారిన తాను పైకి పోవడం నేను రెండుసార్లు చూశాను.

ఈ వయసులో చదువెందుకంటే, పారిపోవడానికి. ఇరవై రెండేళ్ల క్రితం ఏ స్క్రూ ఏ కొలిమిలో కాలాలో, ఏ పెట్టెలో చేరాలో చెప్పే ప్రోగ్రాం ఒకటి తను ఒక్కడే కూర్చుని రాశాడు. అప్పుడు మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఎవరూ దాని జోలికి వెళ్లలేదు. అది ఆగితే లేపడం అతనికే తెలుసు. పెళ్లయిన మూడో రోజు, కొత్త పెళ్లాంతో విహారానికి వెళ్లిన హ్వాలియెన్‌లో హోటల్ ఫోన్ మోగింది. ఏప్రిల్‌లో పెద్దల సమాధులు శుభ్రం చేసే రోజున, ఒక చేత్తో కొడవలి పట్టుకుని తండ్రి సమాధి ముందు నిలబడి, "పదిహేనో వరుస దాకా రా, రెండుసార్లు ఎంటర్ కొట్టు" అని ఫోన్‌లో చెప్పాడు. వాళ్లావిడ ఆ ప్రోగ్రాంని 'పెద్దామె' అంటుంది. ఇంట్లో తను చిన్నామె అన్నమాట.

డిగ్రీ చేతికొస్తే ఊళ్లో వృత్తి విద్యా పాఠశాలలో పాఠాలు చెప్పుకోవచ్చు. పాత మాస్టారు మాటిచ్చారు. నాలుగేళ్లలో చదువు ముగించాలి, మూడేళ్లు అప్పటికే అయిపోయాయి. ఆ నెలాఖరు శనివారం సాయంత్రం ఐదింటికి నేను కాగితం తలుపు మీంచి తీసి పైఆఫీసుకి పంపాలి. గడి ఖాళీగా వెళితే సెమినార్ లేదు, డిగ్రీ లేదు, పెద్దామె తప్పదు.

అంశం ఏదైనా సరే, స్క్రూల వాసన రాకూడదు. అదొక్కటే అతని పట్టుదల. మొదట, తన తప్పులు తనే వెతుక్కునే కృత్రిమ మేధ అన్నాడు. సెమినార్ నడిపే మా కాన్ లావోషి, అంటే కాన్ టీచరు, అతనికన్నా ఆరేళ్లు చిన్న, మాట మాత్రం పదును. "డేటా ఏదీ?" అంది. రెండోసారి, డ్రైవరు లేని కార్ల సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం అన్నాడు.

"మీకు కారుందా?"

"స్కూటరుంది, లావోషీ."

"దానికి డ్రైవరున్నాడా?"

"నేనే."

మూడోది బో-షూన్ నిరుడే చేసేశాడు. "క్షమించండన్నా, అది నాది" అని వాడు తలవంచితే, "తప్పు నాదే అన్నా" అని ఇతను ఇంకాస్త కిందికి వంగి, తల బల్లకి కొట్టుకున్నాడు.

ఆ శనివారం నాలుగోది తెచ్చాడు. 'తెలివైన కర్మాగారాల్లో సాఫ్ట్‌వేర్ భద్రత'. ఏ కర్మాగారమో చెప్పడు, పెద్ద పెద్ద మాటలు మాత్రం దండిగా ఉన్నాయి. కర్మాగారమని నమ్మించడానికి కాబోలు, ఒకే ఒక్క ఫోటో పెట్టాడు. తన సర్వర్ ఫోటో. దాని నెత్తిన మామూలుగా ఉండే పచ్చ ప్యాకెట్.

కొబ్బరి వాసన వేసే మొక్కజొన్న చిరుతిండి అది. మా ఊళ్లో ఏ యంత్రం నెత్తిన చూసినా ఒకటుంటుంది. అది ఉంటే యంత్రం బుద్ధిగా పనిచేస్తుందని మా నమ్మకం. పచ్చదే ఉండాలి. పసుపుదైతే యంత్రం మొరాయిస్తుంది, ఎర్రదైతే అసలుకే మోసం. ఎవరూ తినకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, గడువు దాటకూడదు.

సరిగ్గా అప్పుడే నేను మధ్యాహ్నం భోజనం డబ్బాలు మోసుకుని లోపలికి వెళ్లాను. తెర గోడంత ఉంది. దాని మీద ప్యాకెట్ దిండంత ఉంది. మూల మీద తేదీ నా చెయ్యంత ఉంది. నోరు ఊరుకోదు కదా.

"అమ్మో! ఇది మార్చిలోనే గడువైపోయిందే!"

అంతవరకూ ఫోన్ చూసుకుంటున్నవాళ్లు కూడా తలలెత్తారు. బో-షూన్ లేచి నిలబడిపోయాడు.

"అన్నా... ఈ ఫోటో ఎప్పటిది?"

"మొన్న గురువారానిది," అన్నాడు లియెన్. చెవులు ఎర్రబడిపోయాయి. "టాపిక్ వెతుక్కోవడంలో పడి మార్చడం మర్చిపోయానన్నా."

"ఏడు నెలలా!"

కాన్ లావోషి డాక్టరేట్ చేసింది, యంత్రాల గురించి పుస్తకం రాసింది. ఆవిడ కూడా సెమినార్ ఆపేసింది. "ముందు ఫ్యాక్టరీకి ఫోన్ చెయ్యండి. స్పీకర్‌లో పెట్టండి."

ప్యాకింగ్ సెక్షన్ బీ-యూన్ ఎత్తింది. అరవైకి దగ్గర పడ్డ మనిషి, గొంతు మాత్రం కొలిమి పక్కన పనిచేసేవాళ్ల గొంతు.

"లియెన్ తమ్ముడూ! పరీక్ష పాసయ్యావా?"

"సర్వర్ ఎలా ఉందక్కా?"

"పొద్దున్నుంచి రెండుసార్లు పడుకుంది. నీ పరీక్ష చెడగొట్టడమెందుకని చెప్పలేదు. నేనే లేపాన్లే. నువ్వు చేసినట్టే, కుర్చీ జరిపి, ఎడమవైపు తీగ పీకి, ఇరవై లెక్కపెట్టి..."

"ఇరవై కాదక్కా, ముప్పై!"

"అందుకేనా రెండోసారి కూడా పడుకుంది!"

అందరూ నవ్వారు. నవ్వనిది కాన్ లావోషి ఒక్కతే. ఫోన్ పెట్టేయమని సైగ చేసి అడిగింది. "ముప్పై ఎందుకు?"

"తెలీదు లావోషీ. ముప్పై అయితే లేస్తుంది."

"ఎక్కడైనా రాసి ఉందా?"

"లేదు."

"మీకు తప్ప ఇంకెవరికీ తెలియనివి, ఎక్కడా రాయనివి, ఇలాంటివి ఇంకెన్నున్నాయి?"

లియెన్ వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యీ అయిపోయింది. మళ్లీ మొదటి చేతికి వచ్చి, అక్కడ ఆగిపోయాడు. ఆవిడ మాట ఎటు పోతోందో అతనికి అప్పుడు అర్థమైంది.

"వద్దు లావోషీ," అన్నాడు మెల్లగా. "దాన్నుంచి బయటపడదామనే ఇక్కడికొచ్చాను."

"తెలుసు. కానీ డేటా ఏదీ అని నేనడిగినప్పుడల్లా లేదన్నారు. ఇరవై రెండేళ్ల డేటా తలలో పెట్టుకుని లేదన్నారు. అదంతా కాగితం మీదికి ఎలా దించాలో పరిశోధించండి. లేదంటే వేరే అంశం వెతుక్కోండి, ఐదింటి దాకా టైముంది."

అతను వెతికాడు, పాపం. భోజనం డబ్బా ముందు పెట్టుకుని, మూత తియ్యకుండా, నాలుగున్నర దాకా వెతికాడు. పంది మాంసం ముక్క చల్లారి గట్టిపడింది. బో-షూన్ పక్కన కూర్చుని తన టాపిక్ ఇచ్చేస్తానని కూడా అన్నాడు. "వద్దన్నా, మీది మీదే" అన్నాడు ఇతను.

పావుతక్కువ ఐదుకి నా తలుపు దగ్గరికొచ్చాడు. పలచబడ్డ ఆ గడి చిరగకుండా వేలు ఆనించి, చిన్న అక్షరాలతో రాశాడు. 'పాత ప్రోగ్రాంలో ఒక్క మనిషికే తెలిసిన సంగతుల నమోదు: ఒక స్క్రూల ఫ్యాక్టరీ అనుభవం'.

"ఇక ఆదివారాలు కూడా అక్కడే అక్కా," అన్నాడు.

నా నోటి వల్లే కదా అని మనసు పీకింది. నా ప్రింటర్ నెత్తిన ఉన్న పచ్చ ప్యాకెట్ తీసి చేతిలో పెట్టాను, వచ్చే మే దాకా గడువుంది. రెండు చేతులతో తీసుకుని, హెల్మెట్‌లో భద్రంగా పెట్టుకుని వెళ్లాడు. సోమవారం నా ప్రింటర్ కాగితం మింగేసింది. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఫిబ్రవరి. అతని జాబితా రెండువందల పన్నెండో సంగతి దగ్గరుంది. పాఠశాల ఉద్యోగం ఇంకా ఖాళీగా ఉందా అని నేను అడగను, అతనూ చెప్పడు. బీ-యూన్ ఆ జాబితాని దారానికి కట్టి సర్వర్ పక్కన వేలాడదీసింది. ఏది ఆగినా చూసుకుని తనే లేపుతోంది. శనివారాలు అతని ఫోన్ మోగడం దాదాపు మానేసింది.

పోయిన శనివారం క్లాసు మధ్యలో లియెన్ రెండుసార్లు ఫోన్ తీసి చూసుకున్నాడు. మూడోసారి లేచి వరండాలోకి వచ్చి, నా కిటికీ పక్కనే నిలబడి తనే ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు.

"అక్కా, అంతా బాగానే ఉందా? నిజంగానా? ముప్పై లెక్కపెట్టావా?"

"పోయి పాఠం విను తమ్ముడూ," అని అవతల బీ-యూన్ నాకు వినిపించేంత గట్టిగా అరిచి పెట్టేసింది. అతను ఫోన్ చేతిలో పట్టుకుని, అది మళ్లీ మోగుతుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాడు.