తవిటయ్య బుర్రకు తాళం లేదు

తన వస్తువు ఎవరైనా ముట్టుకుంటే తవిటయ్య ఊరుకోడు. ఆయన ఆలోచన ఎత్తుకుపోయేవాడికి మాత్రం టీ ఇచ్చి మరీ పంపుతాడు. ఈ ఒక్క గుణంతోనే కూతురు గీతాంజలికి ముప్పై నిండకుండానే తలనొప్పి మాత్రలు అలవాటయ్యాయి. ఆమె బిష్టుపూర్‌లో వకీలు. ఆయనది ఆదిత్యపూర్‌లో ఇనుప సామాను చేసే చిన్న లేతు షెడ్డు.

షెడ్డులో సుత్తి మీదా, స్టూలు మీదా, చివరికి సబ్బు మీదా "తవిటయ్యది" అని చెక్కి ఉంటుంది. సబ్బు అరిగితే మళ్ళీ చెక్కుతాడు. ఓసారి పక్క షెడ్డు ప్రేమ్‌కుమార్ చెప్పకుండా స్క్రూడ్రైవర్ పట్టుకెళ్ళాడు. తవిటయ్య కద్మాలో అతని ఇంటికి వెళ్ళి, అది చేతికొచ్చేదాకా గుమ్మంలో నిలబడ్డాడు. మర్నాడు అదే ప్రేమ్‌కుమార్, తవిటయ్య కొత్తగా చేసిన కొబ్బరి కోరే మరను తనూ చేసుకుంటానన్నాడు. తవిటయ్య స్వయంగా టేపు పట్టి కొలతలు చెప్పి, బొమ్మ గీసి, తారీఖు వేసి ఇచ్చాడు.

ఒంటిచేత్తో పిడి తిప్పితే చాలు, చిప్ప ఖాళీ అయ్యే మర అది.

"డిజైన్ రిజిస్టర్ కర్వా లో నాన్నా, నీ పేర చేయించుకో! అందరూ కాపీ కొట్టేస్తున్నారు."

"కొట్టనీ. స్క్రూడ్రైవరు ఆడట్టుకుపోతే నా కాడ ఉండదు. ఆలోసన అట్టుకుపోతే నా బుర్రలో తరిగిపోద్దేటి?"

"మరి నీ కష్టం?"

"నాను సేసిన మర నానమ్ముకుంటన్నాను కదే!"

గీతాంజలి మాత్ర వేసుకుంది.

కొన్నాళ్ళకి బిష్టుపూర్ వ్యాపారి బలరామ్ నుంచి నోటీసు వచ్చింది. ఆ మర డిజైన్ తన పేర రిజిస్టరైంది కాబట్టి తవిటయ్య దాన్ని చేయడం వెంటనే ఆపాలట.

"చూశావా? అప్పుడే చెప్పాను!"

తవిటయ్య కళ్ళజోడు తుడుచుకుని నోటీసు మళ్ళీ చదివాడు. "కాపీ కొట్టినందుకు కాదే నాకు కోపం. ఇనుము నాది, లేతు నాది, సెయ్యి నాది. నా ఇనుముని నానెలా వంచాలో సెప్పడానికి ఆడెవడు?" అని లేతు ఆన్ చేశాడు. ఆ రోజు రోజూ కంటే రెండు మరలు ఎక్కువే చేశాడు.

ఆ డిజైన్ రిజిస్టరు కాకముందే పదిమంది చేతుల్లో ఉందని రుజువైతే బలరామ్ రిజిస్ట్రేషన్ నిలవదు. గీతాంజలి పట్టుదలగా షెడ్డు షెడ్డూ తిరిగింది. తొమ్మిది బొమ్మలు దొరికాయి. అన్నిటి మీదా తండ్రి రాత, తారీఖు, ఓ మూలన "పిడి పోలమ్మ కాడ దొరుకును" అని ఒక ముక్క.

"బొమ్మ ఊరికే ఇచ్చాడమ్మా," అన్నాడు ప్రేమ్‌కుమార్. "పిడి మాత్రం ఆవిడ దగ్గరే కొనమని ఒకటే బతిమాలాడు."

పోలమ్మ కుడిచేతి వేళ్ళు రెండేళ్ళ కిందట ప్రెస్సు మిషన్‌లో పోయాయి. గీతాంజలి వెళ్ళేసరికి ఆమె ఎడమచేత్తో చెక్క పిడి నునుపు చేస్తోంది.

"కొబ్బరి కోరుకోలేకపోతన్నానని మీ నాయిన నాకోసరమే సేసాడమ్మా ఆ మర. పిడి సెయ్యడం కూడా ఆయనే నేర్పాడు. ఒక్క షెడ్డోడు సేత్తే నాకెన్ని పిడులు అమ్ముడుపోతాయి? ఇంతమంది సేత్తన్నారు కాబట్టి సేతినిండా పనుంది."

గీతాంజలి ఆ తొమ్మిది బొమ్మలూ జతచేసి జవాబు పంపింది. బలరామ్ నోటీసు వెనక్కి తీసుకున్నాడు, రిజిస్ట్రేషనూ వదులుకున్నాడు.

ఆ వారమే తవిటయ్య కూతుర్ని వెంటబెట్టుకుని బలరామ్ దుకాణానికి వెళ్ళాడు. నష్టపరిహారం కోసమనుకుని బలరామ్ ముఖం పాలిపోయింది.

"అంకుల్, మర చేయడం మానేస్తాను."

"మానేయడమేటి? ఎన్నైనా సేసుకో. నీ మర తిప్పి సూసాను బాబూ, పిడి ఊగిపోతంది." సంచిలోంచి పోలమ్మ పిడి తీసి బల్ల మీద పెట్టాడు. "పోలమ్మని, ఆవిడ సేసిన పిడి ఇది. బిగించి సూడు."

బలరామ్ బిగించి తిప్పి చూశాడు. ముఖం విప్పారింది. "నెలకి ఎన్ని ఇవ్వగలదావిడ?"

తవిటయ్య నోరు తెరిచేలోపే గీతాంజలి అందుకుంది.

"ముందు వంద రాసుకోండి. చెక్క బాగా ఆరాలి, తొందరపెట్టకూడదు."