సత్తాయీస్‌కి ఫోన్

యుద్ధం మా హాస్టల్‌లోకి మొదట సొరకాయ రూపంలో వచ్చింది. మెస్ తలుపు మీద నోటీసు అంటించారు: "ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా బుధవారం పనీర్ బదులు సొరకాయ కూర వడ్డించబడును." సరిహద్దులో కాల్పులకీ పనీర్‌కీ సంబంధం ఏమిటని పిల్లలు నన్నడిగారు. సోషల్ మాస్టర్ని కాబట్టి ఇలాంటివి నాకు తెలుస్తాయని వాళ్ళ నమ్మకం. "సరఫరా మార్గాలు" అన్నాను గంభీరంగా. యుద్ధం ఆగి నెలలు గడిచాయి. ఆ మార్గాలు ఇంకా తెరుచుకోలేదు.

మాది మగపిల్లల బోర్డింగ్ స్కూలు. గ్రేటర్ నోయిడాలో ఇంజినీరింగ్ కాలేజీలు అయిపోయి ఫ్యాక్టరీలు మొదలయ్యే చోట ఉంటుంది. ఢిల్లీలో సివిల్స్ కోచింగ్‌కి పేరుపడ్డ ముఖర్జీ నగర్ గదుల్లో కొన్నేళ్ళు ఈ దేశాన్ని పాలించడానికి తయారై, దేశానికి అంత తొందర లేదని అర్థమయ్యాక, నేను ఇక్కడ సోషల్ చెప్తూ వార్డెన్‌గా చేరాను. ఒక జిల్లా బదులు ఒక హాస్టల్. పెద్ద తేడా ఏం లేదు. నీళ్ళు రావు, అందరూ నన్నే అడుగుతారు.

పిల్లల్లో సగం మంది ఫౌజీల, అంటే సైనికుల, కొడుకులు. తండ్రికి ఫీల్డ్ పోస్టింగ్ పడితే చదువు చెడకుండా ఇక్కడ చేర్పిస్తారు. అందుకే ఆ రోజుల్లో టీవీ చూసే వాళ్ళకి యుద్ధం అంటే వార్త, మావాళ్ళకి మాత్రం నాన్న ఉద్యోగం.

నోటీసులు వరసగా వచ్చాయి. కిటికీలకి నల్ల కాగితం. టీవీ గదికి తాళం. దానికి నేనేం అడ్డు చెప్పలేదు, యాంకర్లు అప్పటికే మన సైన్యం కంటే చాలా ముందుకు వెళ్ళిపోయారు. సాయంత్రం దీపాలు వెయ్యకూడదు కాబట్టి స్టడీ అవర్ రద్దు. ఈ ఒక్క త్యాగం విషయంలో పిల్లలు దేశం వెంట గట్టిగా నిలబడ్డారు.

ఆ తర్వాత ఫోన్ నోటీసు వచ్చింది.

మా పిల్లలకి మొబైళ్ళు ఉండవు. హాస్టల్ మొత్తానికి ఒక్కటే ఫోన్, నా గదిలో బల్ల మీద. దానికి ఒక పద్ధతి ఉంది, ఎవరు పెట్టారో తెలీదు, నేను చేరేసరికే ఉంది. ఫౌజీ తండ్రికి లైను దొరికేది కాసేపే. పిల్లాడు ఎక్కడో గ్రౌండ్ అవతల ఉంటాడు. మనిషిని పంపి పిలిపించేలోపు లైను తెగిపోతుంది. అందుకని ఎవరూ పరిగెత్తరు, అరుస్తారు. ఫోనెత్తినవాడు వరండాలోకి వచ్చి ఆ పిల్లాడి మంచం నంబరు అరుస్తాడు. విన్నవాడు వింటూనే ఇంకో పక్కకి అరుస్తాడు. పై అంతస్తు, మెస్, గ్రౌండ్, స్కూలు బిల్డింగ్ దాకా పిలుపు అలా చేరిపోతుంది. స్నానం చేస్తున్నా సరే, ఆ రోజు పోట్లాడుకున్న వాడిదైనా సరే, నంబరు వింటే అరవాల్సిందే. అరవనివాడితో వారం రోజులు ఎవరూ మాట్లాడరు. స్కూలు రూల్స్ పుస్తకంలో ఉన్నవేవీ ఇంత కచ్చితంగా జరగడం నేను చూడలేదు.

కొత్త నోటీసు ప్రకారం ఫోన్లు ఆదివారం ఉదయం మాత్రమే. మిగతా రోజుల్లో రిసీవర్ తీసి పక్కన పెట్టాలి.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. చెడ్డవాడు కాదాయన. అన్నిటికీ భయపడే మనిషి, ఇన్నేళ్ళకి ఆ భయానికి ఒక కారణం దొరికింది.

"వార్డెన్ సాబ్, ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసి ఏడుస్తారు. ఇక్కడ పిల్లాడు ఏడుస్తాడు. వీణ్ణి చూసి హాస్టలంతా ఏడుస్తుంది. పానిక్ అయిపోతుంది" అన్నారు.

"ఏడిస్తే ఏడవనివ్వండి సార్. మెస్‌లో సొరకాయ చూసి రోజూ ఏడుస్తూనే ఉన్నారు."

"మీకు అన్నీ జోకులే."

"సరిహద్దులో ఉన్నవాడు ఆదివారం దాకా ఆగి ఎలా చేస్తాడు సార్? అవతలివాళ్ళకి కూడా మన నోటీసు పంపిద్దామా?"

"రిసీవర్ పక్కన పెట్టండి" అన్నారాయన, ఫైల్లోకి చూస్తూ.

నేను పెట్టలేదు. దాన్ని తిరుగుబాటు అని పెద్ద పేరు పెట్టి పిలవను. అది ఉన్న చోటే ఉండనిచ్చాను, అంతే.

నా పట్టుదల అంతా ఇరవయ్యేడో నంబరు మంచం కోసం, హాస్టల్ హిందీలో సత్తాయీస్. ఎనిమిదో క్లాసు. నాన్న, వీడి మాటల్లో పాపా, హవల్దార్, శ్రీకాకుళం వైపు మనిషి. మొన్నటిదాకా ఢిల్లీ కంటోన్మెంట్‌లో కాపురం. ఆయన్ని సరిహద్దుకి పంపాక తల్లి కాన్పుకి పుట్టింటికెళ్ళింది. వీడు ఢిల్లీలోనే పుట్టి పెరిగినవాడు. తెలుగులో అడిగితే హిందీలో చెప్తాడు, సొరకాయ వడ్డిస్తే మాత్రం తెలుగులోనే తిడతాడు. కాల్పులు మొదలయ్యాక నాన్న దగ్గర్నుంచి కబురు లేదు. ఆదివారం తల్లి ఫోన్ చేసి, "మీ నాన్న నీకేమైనా చేశారేటి?" అని అడిగింది. "నీకు చేశారనుకున్నా మమ్మీ" అన్నాడు వీడు. రిసీవర్ పెట్టేసి వీడు నా వైపు తిరిగి, "సర్, పాపా లైను దొరికిన వెంటనే ఇక్కడికే చేస్తానన్నారు. ఆయన ఆదివారం అని చెప్పలేదు" అన్నాడు. ఏడవలేదు. పళ్ళెంలో అన్నం మాత్రం అలాగే వదిలేస్తున్నాడు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం మాక్ డ్రిల్ పెట్టారు. విమాన దాడి జరిగితే ఏం చెయ్యాలో చూపించడానికి జిల్లా నుంచి ఒక అధికారి, ఆయన వెంట స్ట్రెచర్ పట్టుకుని నలుగురు వాలంటీర్లు వచ్చారు. సైరన్ మోగగానే అందరూ బల్లల కిందో మంచాల కిందో బోర్లా పడుకోవాలి. చెవులు మూసుకోవాలి. పళ్ళ మధ్య చేతిరుమాలు పెట్టుకోవాలి. చప్పుడు చెయ్యకూడదు. లేచి తిరిగినవాణ్ణి చనిపోయినట్టు లెక్కేసి స్ట్రెచర్ మీద తీసుకుపోతారు.

పీటీ మాస్టరు చేత్తో తిప్పే సైరన్‌ని పెళ్ళి బాజాలా మోగించాడు. అందరం పడుకున్నాం. నా స్థానం నా బల్ల కింద. సైరన్ ఆగింది. అన్ని వందల మంది మగపిల్లలు ఒకేసారి నోరు మూసుకోవడం ఆ స్కూలు చరిత్రలోనే మొదటిసారి అనుకుంటాను. వరండాలో అధికారి, ప్రిన్సిపాల్ గారు నడుస్తున్న బూట్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

నా నెత్తి మీద బల్ల పైన ఫోన్ మోగింది.

చెయ్యి పైకి చాచి రిసీవర్ లాక్కున్నాను. గరగరలాడే లైన్లోంచి శ్రీకాకుళం యాసలో ఒక గొంతు: "సార్, నమస్తే సార్, మా బాబు... లైను ఎంతసేపుంటాదో తెల్దు సార్..."

ఇలాంటప్పుడు ఆలోచిస్తే ఆలోచనే మిగులుతుంది. రుమాలు ఉమ్మేసి, బల్ల కిందనుంచి పాక్కుంటూ వరండాలోకి వచ్చి, అధికారి గారి మోకాళ్ళ దగ్గర లేచి నిలబడి అరిచాను:

"సత్తాయీస్! ఫోన్!"

"వార్డెన్ సాబ్!" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఒక్క క్షణం ఏమీ లేదు. అంతమంది పిల్లలు ప్రిన్సిపాల్ వింటుండగా, అధికారి చూస్తుండగా, చప్పుడు చేస్తే చచ్చినట్టే అని చెప్పించుకుని పడుకుని ఉన్నారు. నేనొక్కణ్ణే అరిచి ఊరుకుంటానేమో అనిపించింది. అంతలో పక్క గదిలో ఏదో మంచం కింద నుంచి థూ అని రుమాలు ఉమ్మిన చప్పుడు.

"సత్తాయీస్ కా ఫోన్!"

తర్వాత పై అంతస్తు. మెస్ బల్లల కింద నుంచి ముగ్గురు ఒకేసారి. గ్రౌండ్‌లో డ్రిల్ కోసం తవ్విన కందకంలో పడుకున్న పదో క్లాసు వాళ్ళు, గొంతులు మగవైపు తిరుగుతున్న ఆ వయసు అరుపుతో. స్కూలు బిల్డింగ్ దాకా పోయింది. "సైలెన్స్! సైలెన్స్!" అని ప్రిన్సిపాల్ గారు అరుస్తున్నారు. ఆ అరుపుల్లో ఆయనదీ కలిసిపోయింది.

గ్రౌండ్‌కి అడ్డంగా ఒక్కడు పరిగెత్తుకొస్తున్నాడు. ఆ సమయంలో నిజంగా విమానం ఏదైనా వచ్చి ఉంటే దానికి కనబడే మనిషి వాడొక్కడే. అధికారి వాలంటీర్ల వైపు తిరిగి, "వో లడ్కా. డెడ్" అన్నాడు, మామూలుగా. నలుగురూ స్ట్రెచర్ ఎత్తుకుని వాడి వెంటపడ్డారు. వాడు వాళ్ళకి దొరకలేదు.

లోపలికి దూరి రిసీవర్ పట్టుకున్నాడు. ఊపిరి అందడం లేదు. ఈ గోల చూసి పీటీ మాస్టరు కంగారుపడి మళ్ళీ సైరన్ తిప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఫోన్ పాతది, అవతలి మాట కూడా వినబడుతుంది.

"ఏటిరా ఆ సైరనూ?"

"డ్రిల్, పాపా."

"డ్రిల్లయితే నువ్వెక్కడుండాలి?"

"బల్ల కింద."

"మరి ఫోన్ కాడ ఏటి సేస్తన్నావు? బుర్రుందేటి నీకు? ఆర్డరంటే ఆర్డరే గదా! ఎవుడు లెగమన్నాడు నిన్ను?"

వాడు నా వైపు చూశాడు. నేను సీలింగ్ వైపు చూశాను.

"నాను బాగున్నాను. అమ్మకి సెప్పు. తింటన్నావా?"

"హా, తింటున్నా పాపా."

"ఎవుల్రా ఆ వెనక గోల?"

గుమ్మంలో నలుగురు వాలంటీర్లు స్ట్రెచర్ పట్టుకుని నిలబడ్డారు. "భయ్యా, ఏక్ మినిట్" అని చెయ్యి చూపించి వాడు ఫోన్లో చెప్పాడు: "స్ట్రెచర్ వచ్చింది పాపా."

"ఎవులికిరా?"

"నాకే."

అవతల ఆయన నవ్వు మొదలైంది. మధ్యలోనే లైను తెగింది. వాడు రిసీవర్ కాసేపు చెవి దగ్గరే పెట్టుకున్నాడు. తర్వాత స్ట్రెచర్ మీద తనంతట తానే పడుకున్నాడు. మోసుకుపోతుంటే, "తిట్టార్రా! ఫుల్లుగా తిట్టారు!" అని దారి పొడుగునా అరుస్తూనే ఉన్నాడు. అంత సంతోషంగా ఉన్న శవాన్ని ఆ వాలంటీర్లు అదివరకు మోసి ఉండరు.

శవాన్ని దించగానే వెనక్కి పిలిచి తల్లికి ఫోన్ కలిపి ఇచ్చాను. ఆ రోజు ఆదివారం కాదు.

సాయంత్రం నన్ను పిలిచారు. అధికారి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ డ్రిల్ విఫలమైందని చెప్పి వెళ్ళాడట. ఆ కుర్రాణ్ణి కూడా నిలబెట్టారు.

"అసెంబ్లీలో సారీ చెప్పాలి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"డ్రిల్ పాడుచేసినందుకు చెప్తాను సర్. అందుకు పాపా కూడా తిట్టేశారు" అన్నాడు వాడు. "ఫోన్ ఎత్తినందుకు చెప్పను."

ఆయన నా వైపు తిరిగారు. "మీరే నేర్పారా ఇదంతా?"

"నేనా సార్? నేను చేరేటప్పటికే వీళ్ళకి వచ్చు."

"మళ్ళీ ఇలా జరగదని మాటివ్వండి. విషయం ఇక్కడితో వదిలేస్తాను."

ఇవ్వడం తేలికే. ముఖర్జీ నగర్లో మూడు వందల పదాల్లో ఏ విషయానికైనా ఒప్పుకుంటూ రాయడం నేర్చుకున్నవాణ్ణి. కానీ ఆ మాట ఇస్తే నిలబెట్టుకోవాలి, దానికి రిసీవర్ తీసి పక్కన పెట్టాలి.

"ఇవ్వలేను సార్" అన్నాను.

"ఉద్యోగం గురించి ఆలోచించుకోండి."

"ఆలోచించాను సార్. వార్డెన్ ఉద్యోగం అంటే ఫోన్ ఎత్తడమే అనిపించింది."

ఆయన పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. చివరికి, "జాయియే" అని తలుపు చూపించారు. ఆ ఏడాది నాకు జీతం పెంపు ఉండదని ఆ పెన్ను చూస్తేనే తెలిసింది.

మర్నాడు మూడో పీరియడ్ జరుగుతుండగా మళ్ళీ మోగింది. ఈసారి పద్నాలుగో నంబరుకి. నేను వరండాలోకి వెళ్ళాను. ఎదురుగా ఆఫీసు మెట్ల మీద ప్రిన్సిపాల్ గారు నిలబడి నన్నే చూస్తున్నారు. ఆయనకి వినబడేలా అరిచాను.