ఎదురు తన్నిన హ్యాండిల్

ఆసిఫాబాద్‌లో పాత కారుకు టైమింగ్ పెట్టాలంటే జహీర్ తర్వాతే ఎవరైనా. ఈ మాట ఆయనే అంటాడు, అనడానికి సిగ్గుపడడు కూడా. శ్రీరాంపూర్ గనుల లారీల కింద వెల్లకిలా పడుకుని పని నేర్చుకున్నాడు. పాతికేళ్లు నిండకముందే సొంత షెడ్డు పెట్టాడు. డెబ్బై దాటినా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి ఇంజన్ మీదికి వంగుతూనే ఉన్నాడు. ఇప్పటి బండ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మంట. "కంప్యూటర్ పెట్టి చూసుడేంది? నాడి పట్టకుంట మందు రాసినట్టు" అని సణుగుతాడు. ఇంత నోరున్న మనిషి ఒక్క విషయంలో మాత్రం ముప్పై రెండేళ్లుగా నోరు మెదపలేదు.

బెంజమిన్ చేయి విరిగిన సంగతి అది.

బెంజమిన్ క్రైస్తవ మిషన్ వాళ్ల డ్రైవరు. ఆదివారం చర్చిలో ఢోలక్ వాయించేవాడు. ఆయన చేయి పడితే పాట రానివాళ్లు కూడా గొంతెత్తేవారు. మిషన్ బండ్లన్నింటినీ జహీర్ షెడ్డుకు మళ్లించింది ఆయనే. అప్పుడు జహీర్ భార్య అజ్రా రెండో కాన్పుకు ఉంది. ఆ బండ్ల పనే వాళ్లకు కూడు పెట్టేది.

ఒక శుక్రవారం బెంజమిన్ మిషన్ అంబాసిడర్ తెచ్చాడు. అది అప్పటికే పాతది. జైనూర్ ఘాట్ ఎక్కుతుంటే లాగడం లేదన్నాడు. టైమింగ్ పెట్టడమంటే ఇంజన్‌లో నిప్పురవ్వ పడాల్సిన క్షణానే పడేట్టు చేయడం. దానికి ఇద్దరు కావాలి. ఒకరు కారు ముందు నిలబడి, ఇంజన్‌ను చేత్తో తిప్పే ఇనుప హ్యాండిల్‌ను మెల్లగా తిప్పాలి. ఇంకొకరు రవ్వ పుట్టించే పాయింట్ల దగ్గర చిన్న బల్బు తగిలించి, అది వెలిగిన చోట, ఆ పాయింట్లుండే డిస్ట్రిబ్యూటర్‌ను బిగించాలి. ఆ రోజు జుమ్మా నమాజుకు వేళ మించిపోతోంది. ఇప్పుడు బల్బు తగిలించి కూర్చుంటే అయ్యే పనేనా అనుకుని, జహీర్ నడుస్తున్న ఇంజన్‌ను చెవితోనే విని, డిస్ట్రిబ్యూటర్‌ను గోరంత ముందుకు జరిపి బిగించేశాడు. తన చెవి మీద ఆయనకు అంత పొగరు.

"ఇగ చూడు, ఘాట్ మీద గుర్రమే అన్నా" అన్నాడు.

రవ్వ మరీ ముందే పడితే హ్యాండిల్ కొట్టి బండి స్టార్ట్ చేసే మనిషిని ఆ హ్యాండిలే ఎదురు తన్నుతుందని ఆయనకు తెలియక కాదు. నమాజు చదువుకుని వచ్చాక మళ్లీ చూద్దామనుకున్నాడు. వచ్చేసరికి బెంజమిన్ బండి తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లవారుజామున బ్యాటరీ పలకలేదు. ఎవరూ లేని మిషన్ ఆవరణలో బెంజమిన్ హ్యాండిల్ కొట్టాడు. అది ఎదురు తన్ని ఆయన కుడి మణికట్టు విరిచింది. కట్టు కట్టించుకుని నేరుగా జహీర్ దగ్గరికే వచ్చాడు.

"కాలు జారి పడ్డనని చెప్పిన" అన్నాడు. "నీ పేరు బయటికొస్తే మిషనోళ్లు ఒక్క బండి గుడ నీకియ్యరు. నువ్వు సప్పుడు చెయ్యకు."

జహీర్ అలాగే నోరు మూసుకున్నాడు. తనకు అక్కరకొచ్చిన మౌనం కదా, తేలిగ్గానే అలవాటైంది. చేయి వంకరగా అతుక్కుంది. ఢోలక్ మూలన పడింది. తర్వాత మిషన్ వాళ్లు ఆ అంబాసిడర్‌ను వదిలించుకుంటుంటే బెంజమినే కొనుక్కున్నాడు. ఎక్కడ ఎదురైనా జహీర్ భుజాన్ని ఎడమ చేత్తో తట్టేవాడు. ఆ తట్టుడుకు జహీర్ ప్రాణం చచ్చిపోయేది.

"వదినెకైన నిజం చెప్తనే అన్నా" అని బెంజమిన్ భార్య గురించి జహీర్ ఒకసారి అడిగాడు.

"పోయినదానికి ఇప్పుడెందుకు తియ్" అన్నాడు బెంజమిన్.

మొన్న వానాకాలంలో బెంజమిన్ చనిపోయాడు. ఆయన భార్య మగ్దలేనమ్మకు ఒకటే కోరిక మిగిలింది. జ్ఞాపకార్థ ప్రార్థన నాడు చర్చి నుంచి సమాధుల తోటకు ఆయన బండిలోనే వెళ్లాలి. బండేమో రెండేళ్లుగా కదలలేదు. కూతురు క్యాథరిన్ వచ్చి జహీర్‌ను తీసుకెళ్లింది. ఈసారి ఆ ఇంట్లో నిజం చెప్పకుండా తిరిగి రాకూడదని ఒట్టు పెట్టుకునే ఆయన బయలుదేరాడు.

పాయింట్లు శుభ్రం చేశాడు. ప్లగ్గులు తీసి పక్కన పెట్టాడు. క్యాథరిన్ హ్యాండిల్ పట్టుకోగానే ఆయన వంగినవాడల్లా లేచాడు.

"బొటనవేలు హ్యాండిల్ చుట్టూ తిప్పకు బిడ్డా, నాలుగు వేళ్ల పక్కనే పెట్టు."

"ఉత్తగ తిప్పుడే గద చాచా, గింత పరేషాన్ ఎందుకు?"

ఆయన పాయింట్ల మీదికి వంగాడు. బల్బు ఒకసారి కాదు, మూడుసార్లు చూసుకున్నాడు. ప్లగ్గులు బిగించాక అమ్మాయిని దూరంగా నిలబెట్టి తనే హ్యాండిల్ కొట్టాడు. రెండో ఊపుకే ఇంజన్ అందుకుంది. ఈసారి హ్యాండిల్ ఎదురు తన్నలేదు, చేయి చేతిలాగే ఉంది.

అరుగు మీద కుర్చీలో కూర్చున్న మగ్దలేనమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "గీ సప్పుడంటే పానం ఆయనకు. మంచోడే గని భాయి, గా తాగుడు ఒక్కటి లేకుంటే."

"తాగుడా? అన్న ఎన్నడు తాగిండు వదినె?"

"ఎరుగనట్టు అడుగుతవేంది? చెయ్యి ఇరిగింది గందుకే గద. ముందటి నాడు ఎవలదో లగ్గానికి పోయొచ్చిండు. తెల్లారంగ ఎండిన నేల మీద కాలు జారుడేంది? తాగి పడ్డవని మొకం మీదనే అడిగిన. అవునన్లే, కాదన్లే. నేనే పోయి పాస్టరు అయ్యగారికి చెప్పిన. ఆదివారం సంఘమంతటి ముందర నిలబెట్టి, ఇగ తాగనని ఒట్టు పెట్టిచ్చిన. తల వంచుకొని పెట్టిండు."

జహీర్ చేతిలోని హ్యాండిల్ కింద పెట్టాడు. కాలు జారానని బెంజమిన్ చెప్పడం వరకే ఆయనకు తెలుసు. చుక్క ముట్టని మనిషి తన కోసం నలుగురిలో తాగుబోతుగా నిలబడ్డాడని తెలియదు. ఇప్పుడు నిజం చెబితే ఈమె తట్టుకోలేదు. చెప్పకపోతే బెంజమిన్ ఆ పేరుతోనే మట్టిలో ఉంటాడు. ఇంజన్ ఆపి, అరుగు దగ్గరికి వెళ్లి, నిలబడే మొత్తం చెప్పాడు. జుమ్మా తొందర, పెట్టని బల్బు, గోరంత జరిపిన డిస్ట్రిబ్యూటర్, కట్టుతో వచ్చిన బెంజమిన్ అన్న మాట, ఏదీ దాచలేదు.

మగ్దలేనమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి కారు మీద చేయి పెట్టింది.

"నీదేమున్నది భాయి, చేతి పని ఒకపారి తప్పుతది" అంది. "నిన్ను మాఫ్ చేసుడు నాకు ఎంతసేపు? ముప్పై రెండేండ్లు ఆయన కంచంల బువ్వ పెట్టుకుంట ఒక్కో ముద్దకు ఒక్కో మాట అన్న. నన్ను ఎవలు మాఫ్ చేస్తరు? ఆయన ఉన్నప్పుడన్న చెప్పకపోతివి."

మాఫీ దొరికితే గుండె తేలికవుతుందని ఇన్నేళ్లు అనుకున్నాడు జహీర్. దొరికింది. తన బరువు దించుకుని ఆమె నెత్తిన పెట్టానని అప్పుడు అర్థమై, అరుగు అంచున కూలబడి ఏడ్చాడు.

ఆదివారం జ్ఞాపకార్థ ప్రార్థన ముగిసే వేళ మగ్దలేనమ్మ లేచి నిలబడింది. జహీర్ చెప్పులు విడిచి చర్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నా పెనిమిటి ఎన్నడు తాగలే" అందామె. "బండి హ్యాండిల్ ఎదురు తంతే చెయ్యి ఇరిగింది. ఒకలకు నష్టం రావద్దని చెప్పుకోలే." ఆ ఒకరి పేరు ఆమె ఎత్తలేదు.

"టైమింగ్ తప్పు పెట్టింది నేను" అన్నాడు జహీర్ గుమ్మం దగ్గర నుంచే.

ఆనాటి ఒట్టు విన్నవాళ్లలో చాలామంది అప్పటికే సమాధుల తోటలో ఉన్నారు. మిగిలిన ముగ్గురు ముసలివాళ్లు తలలు దించుకున్నారు. పడుచు వాళ్లకు ఇదంతా కొత్త. వాళ్లు ఎరిగిన బెంజమిన్ వంకర చేయి ఉన్న మెత్తని తాత, అంతే. ముందు వరసలో పాటలు పాడే రమ లేచి వచ్చి ముసలామె చేయి పట్టుకుంది.

"ఊకో అవ్వా. అయినా తాత తాగిండని అన్నదెవలు?"

"నేనే బిడ్డా" అంది మగ్దలేనమ్మ.