ఫోన్ అద్దం మీద నాడి

మా పెదనాయన రిటైరయ్యాక కెనడాలో కూతురి దగ్గర, అంటే మా అక్క దగ్గర, ఉండేవాడు. ఇన్సూరెన్సు లేని మనిషి అక్కడ దగ్గితే ఇక్కడ పొలం అమ్మాలని ఆయన భయం. అందుకే ఆదివారాలు నాకు వీడియో కాల్ చేసి, మార్కాపురంలో వరసకు అల్లుడయ్యే మా ఆరెంపీ డాక్టరుకు పలకంత నాలుక చాపేవాడు. పొద్దున తిన్న దోసె కూడా కనబడేది. మేము పడీపడీ నవ్వేవాళ్ళం.

ఒక ఆదివారం నాలుకకు బదులు మణికట్టు తెరకు ఆనించాడు.

"నాడి చూడు అల్లుడా. గుండెలో బరువుగా ఉండాది. బిడ్డకు చెప్పొద్దు, అదురుకుంటాది."

డాక్టరు నవ్వలేదు. నా ఫోన్ అద్దం మీద మూడు వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"కొట్టుకుంటాంది మామా. అయినా ఇప్పుడే ఆసుపత్రికి పో."

"నువ్వు పట్టుకున్నావు గదా, సాల్లే."

నేను వెంటనే అక్కకు ఫోన్ చేశాను. ఆసుపత్రి చేరేలోపే పెదనాయన పోయాడు.

ఇప్పటికీ ఫోన్ తుడిచేటప్పుడు, ఆ మణికట్టు కనబడిన చోట గట్టిగా రుద్దలేను.