సందు మొదట్లో ఉత్తరాల డబ్బాలు

కొండాపూర్‌లో మేముండే సందు అవతలికి దారిలేనిది. లోపల మావి ఐదిళ్ళు. వానాకాలానికి ముందు డ్రైనేజీ పైపుల కోసం సందంతా తవ్వి, పైన మట్టి పోసి వదిలేశారు. మా వైపు ఉత్తరాలు తెచ్చే ఆవిడ కొత్తగా వచ్చింది. స్కూటీ మీద తిరుగుతుంది. ఓ రోజు ఆ బురదలో బండితో సహా పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. అప్పట్నించి లోపలికి రావడం మానేసి, అందరి ఉత్తరాలూ మెయిన్ రోడ్డు మీది కిరాణా కొట్లో ఇచ్చిపోయేది. ఆమెది తప్పని ఎవరూ అనలేదు. కానీ కొట్లో అవి తడిసేవి, లేదా తారుమారయ్యేవి. నా బండి ఆర్సీ కార్డు పక్కింట్లో దొరికింది.

ఎదురింటి మాస్టారికి ఇంకా కష్టం వచ్చింది. ఆయన రిటైరయ్యాక భీమవరం నుంచి కూతురి దగ్గరికి వచ్చారు. పాత స్నేహితుడు పంపిన శుభలేఖ పెళ్ళయిపోయాక చేతికందింది.

"ఫోనైనా చెయ్యలేదా మాస్టారూ?" అన్నాను.

"కార్డు వేశాను కదా అనుకున్నాడండి. నేను వెళ్ళలేదని ఇప్పుడు మాట్లాడటం లేదు," అన్నారు. తర్వాత ఆయనే, "సందు మొదట్లో అందరికీ కలిపి డబ్బాలు పెట్టిద్దామండి. ఆవిడ బండి దిగకుండానే వేసి వెళ్తుంది," అన్నారు.

అందరం సరేనన్నాం. వెల్డింగు షాపులో ఇనప స్టాండు, దాని మీద వరసగా ఐదు డబ్బాలు, వాన పడకుండా పైన రేకు చేయించాం. సందు మొదట్లో స్టాండుకు వీలైన చోటు ఒక్కటే ఉంది. వేపచెట్టున్న పాత పెంకుటింటి గోడ పక్కన. ఆ ఇంట్లో ఒక అవ్వ ఒక్కతే ఉంటుంది. ఇక్కడ పొలాలున్నప్పట్నించీ ఉన్న మనిషి. డబ్బాలు తయారై ఆటోలో వచ్చాక గానీ ఆమెను అడగాలని మాకు తోచలేదు.

మాస్టారూ నేనూ వెళ్ళేసరికి అవ్వ గడప మీద కూచుని చిక్కుడుకాయలు తుంచుతోంది. సంగతి చెప్పాం.

"నా గోడ కాడనా?" అంది తలెత్తకుండానే. "మీ ఇండ్లు కట్టేటప్పుడు లారీ తగిలి నా అరుగు పగిలింది. ఒక్కలన్న వచ్చి అడిగిండ్రా?"

ఆ ఇళ్ళలో మేమిద్దరం దిగింది తర్వాతే. అయినా మాస్టారు మెల్లగా, "పొరపాటేనండి. స్టాండు పాతడానికి మేస్త్రీ ఎలాగూ వస్తున్నాడు, అరుగు కూడా కట్టిస్తాం," అన్నారు.

"అరుగు ముచ్చట గాదు సారూ. ఆటోలోల్లు, అన్నం పొట్లాలు తెచ్చెటోల్లు అందరొచ్చి నన్నే అడుగుతరు. యాపచెట్టు ఇల్లు ఇదేనా అని. మీ అందరి అడ్రసుల నా ఇల్లుంటది. నన్ను మాత్రం ఒక్కలు పలకరియ్యరు."

నా ఫోన్లో ప్రతి యాప్‌లోనూ 'వేపచెట్టు ఇంటి పక్క సందు' అనే ఉంది.

అవ్వ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టింది. "పెట్టుకోండ్రి. కాకపోతే నాకు గూడ ఒక డబ్బ గావాలె."

"మీకు ఉత్తరాలు వస్తాయా అండి?" అని మాస్టారు అడిగేశారు.

"రాకుంటే ఏంది? ఇల్లైతే ఉన్నది గద!"

స్టాండు మళ్ళీ ఆటో ఎక్కించి షాపుకు పంపాం. ఆరో డబ్బా కోసం వెల్డరు రెండు కాళ్ళ మధ్యా ఇంకో పట్టీ వేశాడు. పెయింటరు మా డబ్బాల మీద ఇంటి నంబర్లు రాసి, ఆఖరిదాని మీద ఏం రాయాలని అడిగాడు. అవ్వ ఇంటి నంబరు పంచాయతీ కాలం నాటిది. తర్వాత రెండుసార్లు మారిందట, ఆమెకు గుర్తులేదు.

"నంబరెందుకు, నా పేరు రాయి," అంది.

పెయింటరు మా వైపు చూశాడు. మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆమె పేరు మాలో ఎవరికీ తెలీదు. అవ్వే చెప్పింది, ఇంటిపేరుతో సహా. మాస్టారు సుద్దముక్క తెప్పించి, గుండ్రటి అక్షరాలతో డబ్బా మీద తనే రాసిచ్చారు. పెయింటరు వాటి మీద తెల్లరంగు దిద్దాడు. అవ్వకు చదవడం రాదు. అయినా ఒక్కో అక్షరమూ పడుతుంటే పక్కనే నిలబడి చూసింది.

స్టాండు కాళ్ళు గుంతల్లో దింపి కాంక్రీటు పోశారు. అరుగు కూడా కట్టారు. మేమంతా ఆఫీసులకు పోతే, పొద్దునా సాయంత్రం వాటికి నీళ్ళు పోసింది అవ్వే. స్టాండు కొంచెం రోడ్డు వైపు ఒరిగింది గానీ గట్టిగానే ఉంది.

స్కూటీ ఆవిడ మొదటిరోజు ఆ పేరు చదివి, పేరు పక్కన 'గారూ' చేర్చి పిలిచి మంచినీళ్ళడిగింది. ఇప్పుడు దాదాపు రోజూ కొత్త అరుగు మీద కాసేపు కూచుని వెళ్తోంది. మాస్టారు స్నేహితుడికి జరిగిందంతా వివరంగా రాశారు. జవాబు ఆయన డబ్బాలోనే పడింది. స్నేహితుడి కోపం ఇంకా పూర్తిగా పోలేదట.

అవ్వ డబ్బాలో పడేవి ఎక్కువగా కరపత్రాలే. తాళంచెవి కొంగున కట్టుకుని తిరుగుతుంది. నేను రాయదుర్గంలో ఆఫీసు నుంచి ఇంటికొచ్చే వేళకు ఆ కాగితాలు పట్టుకుని ఎదురొస్తుంది. మొన్న ఒకటి చదివి, కొత్తగా పెట్టిన ఇంగ్లీషు మీడియం బడిదని, అడ్మిషన్లు మొదలయ్యాయని చెప్పాను.

"నన్ను రమ్మంటున్నరా?" అంది.

"రమ్మనే ఉంది అవ్వా."

"పోదాం తియ్యి. బస్సు పంపుతరా ఏంది, అడుగు జర," అంటూ కాగితం మడిచి మళ్ళీ డబ్బాలోనే పెట్టి తాళం వేసుకుంది.